జెకర్యా మీద అతికించిన చీటీ

కొత్తగ చేరేటోళ్ళ కోసం నాలుగు మాటలు రాసియ్యుమని ప్రెస్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. రిటైరై ఇన్నేండ్లయినంక నేను యాదికొచ్చిన్నంటే అయితే శాలువ కప్పాలె, లేకుంటే నా అల్మారల ఉన్న పాత ప్రతులు వాళ్ళకు గావాలె. శాలువ సంగతి ఎవ్వరు ఎత్తలె. అల్మార కొలతలు మాత్రం అడిగిన్రు.

కబురు తెచ్చిన పిల్ల పేరు ప్రేరణ. బొంబాయి కామాఠిపురల మా పక్క గల్లీ పిల్లనే. వాళ్ళ తాత, నేను ఒక్క మున్సిపాలిటీ తెలుగు బడిల చదువుకున్నం. ఇప్పుడు ఆమె మా ప్రెస్సులనే, ఫోన్ల చదువుకునే తెలుగు బైబిలుకు రిఫరెన్సులు సరిచూస్తది. కొత్త నిబంధనల ఒక మాట మీద వేలు పెడితే, అది యూదుల పాత లేఖనంల యాడికెల్లి వచ్చిందో ఆ పేజీ తెరుచుకోవాలె. తప్పు పేజీ తెరుచుకుంటే ప్రేరణకు చీవాట్లు. ముప్పై నాలుగేండ్లు నేను చేసింది గూడ గీ పనే, వేలుకు బదులు పెన్సిలు, గంతే తేడా.

"తాతా, మీరు కాగితం మీద రాసియ్యుండ్రి, ఆమ్హీ టైప్ కరూ నా," అన్నది. మేము టైప్ చేస్తం అని. ఆ పిల్ల తెలుగు గట్లనే ఉంటది, తల మనది, తోక మరాఠీది.

చాయ్ తాక్కుంట ఆఫీసు ముచ్చట్లు చెప్పింది. ఎవరన్న తెలివి ఎక్కువై, సక్కగున్న మాటను దిద్ది చెడగొడితే, టేబుళ్ళ కాడ అందరు ఒక్కసారే అరుస్తరట, "దానియేలు ఝాలా!" అని. ఝాలా అంటే మరాఠీల అయిందని.

"ఎవరమ్మా ఆ దానియేలు?" అనడిగిన, ఏమెరుగనట్టు.

"కోణీ తరీ, ఎవరో పాత ప్రూఫ్ రీడర్ తాతా. మత్తయి సువార్తల ప్రవక్త పేరే మార్చేసిండట. నౌకరీ పోయింది. ట్రైనింగుల మొదటి దినమే చెప్తరు."

నేను గ్లాసు కింద పెట్టిన. దానియేలు సారు నాకు పని నేర్పిన మనిషి. ఆయన పేరు ఇయ్యాల ఒక తిట్టయి కూసున్నది. ఆ ప్రవక్త పేరు మార్చింది ఆయన గాదు. గందుకే నాలుగు మాటలు అడిగితే ఇన్ని పేజీలు రాస్తున్న. అంత ఓపిక లేనోళ్ళు ఆఖరి పేరా ఒక్కటి చదివి మీ పని మీరు చూసుకోండ్రి.

రాహాబుది ఏ గల్లీ?

నౌకరికని పోయిన్నాడు మేనేజరు రత్నంగారు నా అర్జీ పట్టుకొని అడ్రసు కాడ ఆగిపోయిండు. ఆయనది కోస్తా. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్క, మాటకు ముందు గొంతు సవరించుకునుడు.

"ఏవయ్యా మల్లేశం, ఇదేవిటి, కామాఠిపురా అని రాశావు?"

"ఉండేది ఆడనే సార్."

"ఇది పరిశుద్ధ గ్రంథం పనయ్యా. ఆ పేట నుంచి మనిషిని పెట్టుకున్నామంటే సంఘాలవాళ్ళు ఏవనుకుంటారు? పైగా నువ్వు హిందువువి."

కామాఠిపుర అనంగనే, వేశ్యల ఇండ్లున్న పేట అని బొంబాయి పెద్దమనుషుల మొహాలల్ల ఒక్కతీరు నవ్వొస్తది. పాలమూరు నుంచి వచ్చి రాళ్ళు మోసిన మా ముత్తాతలు ఆ గల్లీలల్లనే ఉన్నరని, వాళ్ళు కట్టిన బిల్డింగులల్ల కూసోనే ఈ నవ్వులు నవ్వుతున్నరని ఎవ్వరికి యాదుండదు.

పరీక్షకని పొద్దుగాల నాకు మత్తయి సువార్త మొదటి పేజీ ప్రూఫు ఇచ్చిన్రు. ఫలానాయన ఫలానాయనను కనెను అని పేర్ల మీద పేర్లు. అండ్ల రాహాబు అనే పేరొచ్చింది. ఎవరో తెల్వక పక్క కుర్చీల ఉన్న యాభై దాటిన మనిషిని అడిగితే, మాట్లాడకుంట పాత గ్రంథం తెరిచి చూపెట్టిండు. యెరికో పట్నంల గోడను ఆనుకొని ఉన్న ఇంట్ల ఉండే వేశ్య. మత్తయి ఆమెను తెచ్చి యేసు వంశంల, మొదటి పేజీలనే నిలవెట్టిండు. ఆ ముచ్చట నా కడుపుల ఇంకా అరగలె, రత్నంగారు అడ్రసు ఎత్తేసరికి బయటికొచ్చింది.

"సార్, మొదటి పేజీల రాహాబు ఉన్నది గదా. మత్తయి ఆమెను అడ్రసు అడిగిండా?"

రత్నంగారు మూడుసార్లు గొంతు సవరించుకున్నడు. పక్క కుర్చీల మనిషి నవ్వాపుకోలేక దగ్గినట్టు చేసిండు. ఆయనే దానియేలు సారు. నా నోటికి మెచ్చి నౌకరి ఇచ్చిన్రని చాన్నాళ్ళు మీసం తిప్పిన. "వీడు తెల్వంది అడుగుతడు, పెట్టుకోండ్రి" అని సారు లోపటికి పోయి చెప్పిండని తర్వాతెప్పుడో తెలిసింది.

పాత ఇంటి దూలాలు

ఈ పని ఏందో చెప్త. రాయించుకున్నోళ్ళకు గూడ సరిగ్గ తెల్వదని నా అనుమానం.

మొదటి తరం క్రైస్తవుల చేతుల కొత్త నిబంధన అనే పుస్తకం లేదు, దాన్ని వాళ్ళే రాస్తున్నరు. వాళ్ళకు లేఖనమంటే యూదుల లేఖనమే. రాసినోళ్ళు గూడ ఎక్కువమంది యూదులే. మా కామాఠోళ్ళు పాత బిల్డింగు కూలగొడితే టేకు దూలాలు, తలుపులు పారెయ్యరు, కొత్త కట్టడంల పెడ్తరు. వాళ్ళు గూడ గట్లనే చేసిన్రు. కొన్నిచోట్ల 'ఇది ఫలానా ప్రవక్త చెప్పింది' అని బోర్డు పెట్టి మరీ చేసిన్రు. కొన్నిచోట్ల బోర్డు ఉండదు, దూలం మీద పాత మేకుల బొక్కలు చూసి మనమే పట్టుకోవాలె. ఇంకొన్నిచోట్ల ఊకె ఆ ఇంటి వాసన వస్తది, ఏ దూలమో చెప్పరాదు. అసొంటి కాడ పెన్సిలు కింద పెట్టుడు నేర్చుకోండ్రి. నేర్చుకోనోళ్ళు ప్రతి మాటకు పది రిఫరెన్సులేసి పేజీ అంచుల చీమలబారు పుట్టిస్తరు. వాళ్ళను సభలల్ల మహా పండితులని పిలుస్తరు.

మొదటి నెలలనే నేను సారు మీదికి యుద్ధానికి పోయిన. ఐగుప్తు నుంచి కుమారుని పిలిచినట్టు ప్రవక్త చెప్పిన మాటను మత్తయి బాల యేసుకు పెట్టిండు. హోషేయ గ్రంథంల చూస్తే అది రాబోయే ముచ్చటే గాదు, ఎప్పుడో అయిపోయింది. ఆడ కుమారుడంటే ఒక పిల్లగాడు గాదు, ఇశ్రాయేలు జనమంత.

"సార్, దొంగ సామాను దొరికింది," అన్న, పోలీసోని లెక్క.

"దొంగ బోర్డు పెడ్తడా మల్లేశం? ప్రవక్త మాట అని ఆయనే చెప్తుండు. పోయి చూసుకో అంటుండు. ఆ జనం నడిచిన తొవ్వనే ఈ పిల్లగాడు మళ్ళ నడుస్తుండని ఆయనకు కనవడ్డది. నీకు కనవడాలెనని ఏం లేదు. యాడికెల్లి తెచ్చిండో అంచుల రాయి. ఎందుకు తెచ్చిండని కొట్లాడకు. అంచు మనది, లోపటిది మనది గాదు."

ఈ ఆఖరి మాట నేను తలకాయ ఊపుకుంట విన్న. అప్పట్ల నేను అన్నిటికి తలకాయ ఊపేటోణ్ణి.

బైండింగు సెక్షన్ల బెంజమిన్ భావు అని కొంకణం యూదుడు ఉండె. ఇంట్ల, బయట ఆయనది మరాఠీనే. మా బైబిళ్ళన్ని ఆయన చేతుల మీదుగనే కుట్టు పడేటివి. ఒకనాడు టిఫిన్ డబ్బా విప్పుకుంట అన్నడు, "మీరు మా ఇంట్లకు వచ్చిన్రు, తలుపు మీద మీ పేరు పలక కొట్టుకున్నరు. కొట్టుకోండ్రి. కానీ పాతోళ్ళు ఖాళీ చేసి పోయిన్రని ఊరంత చెప్తున్నరు చూడు, అది తప్పు. మేము పై మాలెల, పై అంతస్తుల ఇంకా ఉన్నం. నీళ్ళు అదే పైపుల వస్తున్నయి." మా తెలుగు ముందుమాటలల్ల యూదులను ఈసడించే వాక్యం వచ్చినప్పుడల్ల ఈ మాట యాదికొచ్చి, పెన్సిలుతోని గీత గీసి రత్నంగారికి పంపేటోణ్ణి. ఆయన నా గీతను సుబ్బరంగ రబ్బరుతోని చెరిపి అచ్చు మిషనుకు పంపేటోడు.

జాబులు గూడ మస్తు వచ్చేటివి. ఒకాయన ఎర్ర సిరతోని రాసిండు, కీర్తనల చెవుల గురించి ఉన్న మాట, హెబ్రీయుల పత్రికకొచ్చేసరికి శరీరం అయింది, ఇది ఎవని అచ్చుతప్పని. రత్నంగారు నన్ను పిలిచి, ఆ చెవులు నేనే కోసినట్టు చూసిండు. దానియేలు సారు సర్దిచెప్పిండు. ఆ పత్రిక రాసినాయన పాత లేఖనాన్ని హీబ్రూల గాదు, గ్రీకు తర్జుమాల చదువుకున్నడు, ఆ తర్జుమాల శరీరం అనే ఉన్నది. నాకు చప్పున అర్థమయింది. మా అవ్వ చెప్పిన కథను మా అక్క కొడుకు మరాఠీల చెప్తే, అవ్వ కథల మట్టి ముంత వాని నోట్ల రాగి చెంబయింది. కథ అదే, దొంగతనం ఏం లేదు. ఎర్ర సిర పెద్దమనిషికి మాత్రం అర్థం కాలె. ఆయన బతికున్నన్ని రోజులు రాసిండు.

గాడిద మీద మూడు మీటింగులు

పై అధికారుల గురించి గూడ చెప్పాలెగదా. పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి చేస్తున్నం. యేసు యెరూషలేముల అడుగుపెట్టే బొమ్మ గావాలె. గ్రాంట్ రోడ్ల దుకాణాల బోర్డులు రాసే పెయింటరును తీసుకొచ్చిన్రు.

"గాడిదలు ఎన్ని సాబ్?" అనడిగిండు. ఆయనకు రంగు ఎంత కలపాలెనో తెలియాలె గదా.

మార్కు, లూకా, యోహాను ఒక్కటే అంటున్నరు. మత్తయి ఒక గాడిద, దాని పిల్ల, రెండు అంటుండు. రత్నంగారు గొంతు సవరించుకొని, "ఇది మత్తయి ప్రకారం పుస్తకం. రెండు వేసెయ్యండి," అన్నడు.

"ఒక్క మనిషి రెండింటి మీద ఎట్ల కూసుంటడు సాబ్? ఇది సర్కస్ పోస్టరా?"

దానియేలు సారు జెకర్యా గ్రంథం తెచ్చిండు. పాత ప్రవక్త అది పాట లెక్క చెప్పిండు. పాటల ఒక్కటే ముచ్చటను రెండుసార్లు, రెండు తీర్లు చెప్తరు, మా ఆడోళ్ళు సున్నం దంచుకుంట పాడినట్టే. గాడిదనెక్కి అని ఒకసారి, గాడిద పిల్లనెక్కి అని ఇంకోసారి. మత్తయి ఆ మాటల్ల ఒక్కటి గూడ కింద పడనియ్యొద్దని రెండు గాడిదలను తోలుకొచ్చిండని సారు లెక్క. పాత లేఖనం మీద ఆయనకు గంత మర్యాద అన్నడు.

దీని మీద మూడు మీటింగులు అయినయి. చాయ్, సమోసలతోని సహా. ఆఖరికి ఏం చేసిన్రంటే, ముంగట జనాన్ని, ఖర్జూరపు మట్టలను ఇంత దట్టంగ గీయించిన్రు, గాడిద కనవడనే కనవడదు. ఆ బొమ్మ ఇప్పటికి నడుస్తనే ఉన్నది. కమిటీ అంటే ఏందని మిమ్ముల ఎవరన్న అడిగితే ఆ పేజీ తెరిచి చూపెట్టుండ్రి.

నా తెలివి

ఇగ నా ముచ్చట. చేరి ఐదేండ్లు దాటింది. మత్తయి సువార్త ఒక్కటే చిన్న పుస్తకంగ అచ్చేస్తున్నం, సంఘాలల్ల ఊకెనే పంచనీకి. పని నడుమల దానియేలు సారు తమ్ముడు చనిపోయిండని పాలమూరు పోయిండు. వారం దినాలు నేనే పెద్ద. రత్నంగారు నా భుజం తట్టిండు, అదే మొదటిసారి, నా బుద్ధి ఆ దినమే చెడిపోయింది.

యేసును పట్టిచ్చిన యూదా, దానికి దొరికిన ముప్పై వెండి నాణేలను దేవాలయంల పారేసి పోతడు. పెద్ద యాజకులు వాటితోని కుమ్మరి పొలం కొంటరు. ఆడ మత్తయి బోర్డు పెట్టిండు, ఇది ప్రవక్త యిర్మీయా చెప్పింది అని. నేను యిర్మీయా గ్రంథమంత తిరిగేసిన. ముప్పై వెండి నాణేలు యాడ లేవు. రెండు దినాలు వెతికినంక జెకర్యాల దొరికినయి. ముప్పై నాణేలు, దేవాలయం, కుమ్మరి, అన్ని ఆడనే.

సారు ఉంటే అడిగేటోణ్ణి. తెల్వంది అడుగుతడని గదా నన్ను పెట్టుకున్నరు. కానీ అప్పటికి నాకు తెల్వంది ఏం లేకుండె. ఇన్ని వందల ఏండ్ల నుంచి ఇంతమంది పాస్టర్లు, బిషప్పులు చదివిన్రు, ఒక్కనికి కనవడలె, కామాఠిపుర మల్లేశానికి కనవడ్డది అని ఛాతీ ఉబ్బింది. అంచుల జెకర్యా అని రిఫరెన్సు వేస్తే సరిపోయేది. నేను లోపట చెయ్యి పెట్టిన. యిర్మీయా పేరు కొట్టేసి జెకర్యా అని రాసిన.

సారు ఊరి నుంచి వచ్చిన్నాడే ఆఖరి ప్రూఫు. తమ్మున్ని మట్టిల పెట్టి వచ్చిన మనిషి, కండ్లు వాసి ఉన్నయి. "అన్ని చూసినవా?" అనడిగిండు. "చూసిన సార్," అన్న. నా సంతకం కింద ఆయన సంతకం పెట్టిండు. పేరు మార్చిన ముచ్చట నేను చెప్పలె. అచ్చయినంక పుస్తకం చేతుల పెట్టి, సారు శభాష్ అనంగ చూడాలెనని నా ఆశ. ఇన్నేండ్ల తర్వాత గూడ ఈ వాక్యం రాస్తుంటే నాకు సిగ్గయితుంది.

పుస్తకాలు కుట్టు పడ్డయి. మొదటి కట్ట ధారావిల ఒక సంఘానికి పోయింది. ఆదివారం పాస్టరు పైకి చదువుకుంట జెకర్యా కాడ ఆగిపోయిండు. సోమవారం పొద్దున్నే పుస్తకం సంకల పెట్టుకొని ప్రెస్సుల నిలబడ్డడు. రత్నంగారికి ఆ దినం గొంతు ఎంత సవరించుకున్నా సాఫు కాలె.

మా చాల్ల పండిన ప్రవక్త

దానియేలు సారు నన్ను పక్కకు పిలిచిండు. తిడ్తడేమో అనుకున్న. రెండు గ్రంథాలు తెరిచి ముంగట పెట్టిండు.

"నాణేలు జెకర్యావే, నువ్వు చూసింది నిజమే. మరి పొలం కొనుడు? కుమ్మరి ఇల్లు, నిర్దోషుల రక్తం పారిన లోయ, ఆడ పాతిపెట్టుడు? అవి యిర్మీయావి. మత్తయి ఇద్దరి దూలాలు కలిపి ఒక్క దర్వాజ చేసిండు. ఇద్దరి మాట కలిపితే పెద్దోని పేరు చెప్పుడు అప్పటి రివాజని చదువుకున్నోళ్ళు అంటరు. మార్కు గూడ చూడు, మలాకీ మాట, యెషయా మాట కలిపి యెషయా పేరొక్కటే చెప్పిండు."

"నేను ఒక్కదాన్నే చూసిన సార్."

"ఊకో. పాతకాలంల చేత్తోని రాసుకునేటోళ్ళల్ల గూడ నీ అసొంటి తెలివిమంతుడు ఇదే పేరు ఇట్లనే దిద్దిండట. నీకు తోడున్నరు."

పుస్తకాలు పారేసుడు కుదరదన్నరు. యిర్మీయా అని చిన్న చీటీలు అచ్చేసి, ప్రతి పుస్తకంల జెకర్యా మీద అతికియ్యాలె. తప్పు చేసిన డిపార్టుమెంటే చెయ్యాలెనని రత్నంగారి తీర్పు. డిపార్టుమెంటంటే సారు, నేను. కట్టలన్ని తోపుడుబండి మీద మా చాలుకు, వరుస గదుల మా బిల్డింగుకు తెచ్చిన. మైదాపిండి ఉడకవెట్టి లేయి చేసినం. మా మాలె వరండ పొడుగునా ఆడోళ్ళు బీడీలు చుట్టుడు పక్కన పెట్టి కూసున్నరు, ఒకరు పేజీ తెరుచుడు, ఒకరు లేయి రాసుడు, ఒకరు చీటీ పెట్టుడు. నాలుగు దినాలు పొద్దంత అదే పని. సారు గూడ కండ్లద్దాలు ముక్కు మీదికి దించుకొని వాళ్ళ నడుమ కూసోని అతికించిండు.

"ఏందిది మల్లేశం, ఒక ప్రవక్తను పండవెట్టి ఇంకో ప్రవక్తను కప్పుతున్నవా?" అనడిగింది పక్కింటి పోశవ్వ.

"ఇద్దరు దేవుని మనుషులేనాయె, ఏ పేరుంటే ఏంది?" అన్నది నా పెండ్లాం సత్తెమ్మ. అప్పటికి ఆమెకు ఏడో నెల.

"పేరు ముఖ్యం బిడ్డా," అన్నడు సారు. "చెప్పినోని పేరు చెప్పకుంటే మాట అనాథ అయితది."

పోశవ్వ పెట్టిన చీటీలు కొన్ని తలకిందులు పడ్డయి. అవి ఏ సంఘానికి పోయినయో దేవునికే తెలుసు.

పెద్దోని పేరు

ఐదో దినం కమిటీ. అదే చాయ్, అవే సమోసలు. రత్నంగారు ప్రూఫు పేజీ టేబుల్ మీద పరిచి అడిగిండు.

"ఈ మార్పు చేసింది ఎవరు? ఆ పేరు రిజిస్టర్లో రాయాలి. ఆ మనిషి ఇక్కడ ఉండడానికి వీల్లేదు."

చేతిరాత నాది. చూస్తే ఎవరికన్న తెలుస్తది. కానీ కమిటీలల్ల చేతిరాతలు ఎవరు చూస్తరు, సంతకాలు చూస్తరు. సారుకు రిటైర్మెంటు ఇంకొక్క ఏడాది. ప్రెస్సు వెనక గదిల ఉంటున్నడు. నౌకరి పోతే గది పోతది. ఇదంత నాకు తెలుసు.

సారు లేచిండు. "పేజీ మీద రెండు సంతకాలున్నయి. పని ఇద్దరిది. పెద్దోని పేరు రాసుకోండ్రి."

రత్నంగారు నా దిక్కు చూసిండు. రాహాబు విషయంల అంత చురుకుగ లేచిన నా నోరు, ఆ దినం సప్పుడు చెయ్యకుంట పండుకున్నది. సత్తెమ్మకు ఏడో నెల అని మనసుల అనుకున్న. కిరాయి అనుకున్న. చేతకానితనానికి కారణాలు ఎన్నంటే అన్ని దొరుకుతయి, అవి వెతకనీకి గ్రంథం తిరిగెయ్యాల్సిన పని గూడ లేదు. రిజిస్టర్ల దానియేలు అని రాసిన్రు. నేను చూస్తుండంగనే రాసిన్రు.

పుస్తకాలు మోసిన తోపుడుబండి మీదనే సారు ట్రంకుపెట్టె, గ్రంథాలు, పరుపు ధారావిల ఉండే బిడ్డ మార్త ఇంటికి పోయినయి. బండి నేనే తోసిన. అదొక్కటి చేసిన. నెల తిరగంగనే సారు కుర్చీ నాకిచ్చిన్రు. నేను కూసున్న.

మూడేండ్లు ఆయన మొహం చూడలె. ధారావి దూరమని కాదు, దాదర్ల తెలుగు సభలకు మాత్రం టంచనుగ పోయేటోణ్ణి. ఆఖరికి ఒక ఆదివారం పోయిన. కింద తోలు సంచులు కుట్టే కార్ఖానా, పైన మార్త గది. సారు సంచుల మీద అచ్చేసే పేర్లు సరిచూస్తుండు. మనిషి సగమయిండు.

"ఇప్పుడు ఏ పుస్తకం నడుస్తుంది?" అనడిగిండు, నిన్ననే కలిసినట్టు.

నాకు ఏడుపొచ్చింది. "రేపు పోయి రత్నంగారికి నిజం చెప్త సార్. నా పేరు రాయించుకుంట," అన్న.

"నేను చూడకుంటనే సంతకం పెట్టిన గదా? అది తప్పు గాదా? ఇద్దరి పని మల్లేశం. పెద్దోని పేరే ఉండాలె." అని నవ్విండు. "నీ పేరు రాయించుకోవాలెనని గంత కోరికుంటే, ముందుగాల నాకన్న పెద్దోనివి గా."

మార్త చాయ్ తెచ్చింది. ఆమె నా మొహం దిక్కు చూడలె. ఆమెకు తెలుసు. సారు మళ్ళ ఏడాదికి పోయిండు. మట్టికి పోయిన, ఆడ గూడ నోరు తెరవలె.

రత్నంగారు పోయిండు, ఆ రిజిస్టరు పోయింది, మా చాలు గూడ కూలగొడ్తరట, నోటీసు అంటించిన్రు. పోనిది ఆ తిట్టు ఒక్కటే. ప్రేరణా, అల్మార మీరే తీసుకపోండ్రి బిడ్డా. పై అరల మత్తయి చిన్న పుస్తకం ఒకటి ఉంటది. ఆ చీటీ మా వరండల సారు చేత్తోని అతికించింది, పీకకుండ్రి. ట్రైనింగుల మొదటి దినం దాన్నే చూపెట్టి, అంచు మనది, లోపటిది మనది గాదు అని చెప్పుండ్రి. ఈ మాట చెప్పింది దానియేలు సారు. వినంది నేను.

ఇగ ఆఖరి పేరా. ఆ జెకర్యా అని రాసిన చెయ్యి నాది, సారుకు తెల్వదు, నేను చెప్పలె. పాత రివాజు ప్రకారం ఇద్దరిల పెద్దోని పేరు రాయాలె. సారు అరవై ఒకటి కాడ ఆగిపోయిండు. నాకు మొన్ననే డెబ్బై రెండు నిండినయి. ఇప్పుడు ఇద్దరిల పెద్దోణ్ణి నేను. రేపటి నుంచి టేబుళ్ళ కాడ అరిచేటప్పుడు, మల్లేశం ఝాలా అని అరవుండ్రి.